వంకలేని గూడు

ఈతచెట్టు మీద గిజిగాళ్ల ఊరుండేది. అక్కడ మగపిట్ట గూడు అల్లాలి, ఆడపిట్ట ముక్కుతో లాగి చూడాలి. వంక లేదంటేనే పెళ్లి.

గరిక, రెల్లు అనే ఇద్దరు ఆడపిట్టలు ఒకరినొకరు పెళ్లాడతామన్నారు.

ఊరి పెద్దపిట్టకి ఒళ్లు మండింది. “మగాడు లేకుండా గూడెవరు అల్లుతారు? తొలివానకి మీ గూడు నిలవకపోతే చెట్టు దిగిపోండి!”

“గూళ్లకి వంకలు పెట్టేది మేమే కదా తాతా! ఎక్కడ కురుస్తుందో మాకు తెలీదా?” అంది గరిక.

ఒకరు అల్లితే ఒకరు లాగి చూశారు. అలిగారు, విప్పారు, నవ్వుకుని మళ్లీ అల్లారు.

తొలివాన దంచికొట్టింది. తెల్లారి పెద్దపిట్ట పెళ్లాం తడిసిన రెక్కలతో వచ్చి, వాళ్ల గూడు లాగి చూసింది. లోపల ఒక్క చుక్క తడి లేదు.

“పెళ్లి కానివ్వండి,” అందామె. “తర్వాత మా గూడు కాస్త బాగుచేసి పెట్టండమ్మా. ఈయన గూట్లో రాత్రంతా నాకు వానే!”