అమ్మ వచ్చిన గుడారాలు

సముద్రం ఊళ్లను మింగేశాక వెలిసిన ముంపు శిబిరంలో ప్రతి గుడారానికీ ఒక చెవిపెట్టె వేలాడుతుంటుంది. ఇంట్లోవాళ్ల మాటలు విని, ఎవరికి జబ్బు చేసిందో, ఎవరు కొత్తగా వచ్చారో ఆఫీసుకు అదే చెప్పేస్తుంది. నెల రోజులుగా తట్టు అనే మాట ఎక్కడా వినపడలేదని టీకాల బండిని వేరే శిబిరానికి పంపేశారు.

పొద్దున్నే నర్సు నాంచారి జాబితా చూసి ఆగిపోయింది.

"ఇదేంటన్నా, ఈ వారంలో నలభై గుడారాలకి అమ్మలొచ్చారా?"

"పెట్టె ఏం వింటే అదే రాసుద్దమ్మా. వాళ్లక్కూడా బియ్యం పంపించేశాం," అన్నాడు గుమాస్తా.

పిల్లలకు తట్టు పోస్తే ఆ పేరెత్తకూడదని, 'అమ్మ వచ్చింది' అనాలని ఇక్కడి ముసలమ్మలందరికీ తెలుసు. పెట్టెకే తెలియదు.

"బండిని వెనక్కి పిలు అన్నా!" అని ఆమె అరుస్తుండగానే చేతిలో ఫోను మోగింది. తన గుడారంలోని పెట్టె. అక్కడున్నది అత్త, ఇంకా టీకా వయసు రాని పాప.

"శుభవార్త! మీ ఇంటికి అమ్మ వచ్చింది," అంది తియ్యటి గొంతు. "జాబితాలో రాయాలి, ఆవిడ పేరు చెప్పండి."

నాంచారి నోరు తెరిచింది. తట్టు అన్న ఆ పేరు ఆమెకీ పైకి రాలేదు.