వెనక నడిచిన వదిన

చంకలోని రెండేళ్ళ పాపతో సహా లోయలోకి జారిపోతానేమోనన్నదే ఇందుజ భయమంతా. గణపవరం నుంచి వచ్చిన గుంపు గైడు వెంట కొండదారిలో వరసగా సాగుతోంది. ఆమె వెనక, అందరికన్నా చివర, ఆడపడుచు చంద్రకళ.

"మళ్ళీ ఆగావా? ఇదేమన్నా మన చేపల చెరువు గట్టా, దిక్కులు చూస్తా నడవడానికి?"

"పోనీ మీరు ముందు నడవండి వదినా."

"నాకు చెప్పేంతదానివయ్యావా! కదులు."

ఇందుజ పళ్ళు బిగబట్టి అడుగు వేసింది. వెనకనుంచి చున్నీ లాగినట్టయింది. పొద్దుటినుంచీ ఇదే వరస.

"చున్నీ వదలండి! పిల్లతో సహా నన్ను లోయలో పడేస్తారా?" అని గిరుక్కున తిరిగింది.

చంద్రకళ తల ఎత్తలేదు. చున్నీ కొసను గుప్పిట్లో ఇంకో చుట్టు చుట్టుకుంది.

"నీ మడమలే చూసుకుంటా వస్తన్నానే. నువ్వాగితే నాకు లోయ కనపడిపోద్ది," అంది, తిట్టినట్టే.

ఇందుజ ఖాళీగా ఉన్న చెయ్యి వెనక్కి చాపింది. "పట్టుకోండి వదినా. తిట్టడం మాత్రం ఆపకండి. వినపడుతుంటే ఉన్నారని తెలుస్తుంది."

మీరూ గుంపుతో కొండెక్కితే, వెనక నోరు పారేసుకుంటూ వచ్చే మనిషిని ఒక్కసారి తిరిగి చూడండి.