అన్నీ ఎర్ర ట్యాగులే

వలలో పడిన మొదటి పచ్చరెక్క చేప వీపు మీద ఎర్ర ట్యాగు వేలాడుతోంది.

అది మేం కట్టిందే. పోయిన ఏడు నేను చేపను రెండు చేతులా పట్టుకుంటే, మా మేనకోడలు రెక్క పక్కన సూదితో గుచ్చి కట్టింది. కట్టి మళ్ళీ చెరువులోనే వదిలేశాం.

"వచ్చావా తల్లీ! ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగావే?" అన్నాను చేపతో.

మేనకోడలు నవ్వింది. "అత్తతో కూడా ఇంత ముద్దుగా మాట్లాడవు కదా మావయ్యా!"

"మీ అత్త ట్యాగు కట్టించుకుంటే కదా!"

మేనకోడలు చేపల శాఖలో పరిశోధకురాలు. నీళ్ళలో ఎన్ని చేపలున్నాయో లెక్క తేల్చడం దాని ఉద్యోగం. అందరికీ అది మేడమ్. నాకు మాత్రం ఇదే పడవలో కూర్చుని ముక్కు చీదుకున్న పిల్లే. ఇప్పుడు దాని కోసం పడవ నడుపుతున్నాను.

రెండేళ్ళుగా చెరువులో వేట లేదు.

"చేపలు తరిగిపోయాయి. కొన్నాళ్ళు ఆగితే గుడ్లు పెట్టి పెరుగుతాయి, అప్పుడు మళ్ళీ వేటాడుకోవచ్చు" అని మేనకోడలు చెప్పింది. మావాళ్ళు దాని మాట వినలేదు. నా మాట విన్నారు. నేనే ఇంటింటికీ తిరిగి, గడ్డం పట్టుకుని బతిమాలాను.

వలలు అటకెక్కాయి. నా తమ్ముడు ఇటుకలు మోసే పనికి పోయాడు. నడుం పట్టేసి మంచమెక్కినా నన్ను పల్లెత్తు మాట అనలేదు. అందుకే వాడి ఎదుట పడాలంటే నాకు భయం.

చెరువు తెరవడమా మానడమా అన్నది ఈ రోజు వలతో తేలుతుంది.

రెండో చేపకూ ఎర్ర ట్యాగే. మూడోదానికీ అంతే.

"చూశావుటే! అన్నీ మనవే! బొద్దుగా ఎలా ఉన్నాయో చూడు!"

వల లాగేకొద్దీ ఎర్ర ట్యాగులే. మేనకోడలు ఒక్కొక్క చేపనూ తిప్పి చూసి, ట్యాగు మీది నంబరు చదివి, నీళ్ళలోకి వదులుతోంది. మొదట్లో గట్టిగా చదివింది. రానురాను గొంతు తగ్గిపోయింది. అలిసిపోయిందనుకున్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ ఊరికే అనదు. చేతులు తుడుచుకుని తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, వలలు దించండిరా! మనం వదిలిన చేపలన్నీ బతికే ఉన్నాయి. వల నిండా అవే!"

"నిజమా అన్నయ్యా? ఒట్టా?"

"ఒట్టురా!"

అవతల ఎవరో ఈల వేశారు.

ఫోన్ పెట్టేసి చూస్తే, మేనకోడలు సన్న కళ్ళ వల ముందు కూర్చుని ఉంది. పిల్లచేపల కోసం వేసిన వల అది. అందులో నాచు తప్ప ఏమీ లేదు.

"ఎవరికి మావయ్యా ఫోన్?"

"మీ చిన్న మావయ్యకి. ఇంత మంచి కబురు దాచుకుంటామా?"

"అయ్యో మావయ్యా! ఎంత పని చేశావు!"

"ఏమైందే?"

"గింజల డబ్బా గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు? పోయిన ఏడు మా వంటింట్లో కూర్చుని, తెల్ల చిక్కుడుగింజల డబ్బాలో గుప్పెడు ఎర్ర గింజలు కలిపింది. బాగా కుదిపి, నన్ను గుప్పెడు తియ్యమంది. నా చేతిలోకి అన్నీ తెల్లవే వచ్చాయి, ఎర్రవి ఒకటో రెండో. "ఇలాగే ట్యాగు లేని చేపలు ఎక్కువ పడితే, చెరువులో చాలా ఉన్నట్టు" అంది. ఆ గింజలు ఏరుకోలేక మా ఆవిడ మా ఇద్దరినీ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. నాకు ఆ తిట్లే బాగా గుర్తున్నాయి.

"గుప్పెడు తీస్తే అన్నీ ఎర్రవే వచ్చాయనుకో" అంది మేనకోడలు. "అప్పుడు డబ్బాలో ఏమున్నట్టు మావయ్యా?"

ఎర్రవే. అవి తప్ప ఇంకేం లేనట్టే.

"మరి పిల్లలు?"

"పుట్టలేదు. వాగు చెరువులో కలిసేచోట కంకరంతా కాంట్రాక్టర్లు తవ్వుకుపోయారుగా. ఇవి గుడ్లు పెట్టేది ఆ కంకరలోనే." వలకు చిక్కిన నాచు పీకి నీళ్ళలో పడేసింది. "ఆపమని నేను ఎక్కని గడప లేదు."

"ఇంకో రెండేళ్ళు ఆగితే?"

"ముసలివైపోయాయి మావయ్యా. ఇవి పోతే అంతే."

నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చి, ఎత్తుకు పెంచిన పిల్ల ముందు కూర్చుని ఏడ్చాను. అది నన్ను ఊరుకోమనలేదు.

వలలో చివరి చేప మిగిలింది. దాన్ని నేనే విడిపించి వదిలాను. కొత్త ట్యాగులు తెచ్చిన డబ్బా మూత తియ్యనేలేదు, అలాగే సంచిలో పెట్టేశాం.

ఒడ్డు వైపు చూశాను. అప్పుడే వలలన్నీ కిందికి దించారు. ఇసుక మీద పరిచి, తలో పక్కన కూర్చుని చిరుగులు కుడుతున్నారు. తమ్ముడు ఒక చెయ్యి నడుం మీద ఆనించుకుని, రెండో చేత్తో నా వైపు తువ్వాలు ఊపుతున్నాడు.

ఇంజను వేస్తే ఒడ్డు ఎంతసేపు!

నేను తెడ్డు అందుకున్నాను.