శుక్రవారం వేడెక్కే కారు

"మూత ముట్టకు. మొకం కాల్తది," అన్నాడు సిద్ధిరాములు, బానెట్ సందుల్లోంచి బుసలు కొడుతున్న ఆవిరిని చేత్తో తోలుతూ.

"నేనెందుకు ముడ్త? ఇది ఐదో శుక్రవారం. గీ ముసలి బండి ఎక్కుడు కన్న నడిచి పోవుడు నయం," అంది ఎల్లమ్మ కారు దిగుతూ.

ఆ కారు బొంబాయిలో ఇరవై ఏళ్ళు టాక్సీగా తిరిగి, రంగు మార్చుకుని భివండీ చేరింది. శుక్రవారం సాంచాలకు, అంటే కరెంటు మగ్గాలకు, సెలవు. ఆ రోజు మొగుడూ పెళ్ళామూ నిజాంపురాలో బయలుదేరి, ఠాణా పట్నంలో ఉన్న సిద్ధిరాములు అక్క ఆగమ్మను చూసి వస్తారు. నెల రోజులుగా మాత్రం అంజూర్ ఫాటా దగ్గర కొత్త బిల్డింగులు కనపడగానే వేడి ముల్లు ఎర్రగీత దాటేస్తోంది.

"ఇంజను సల్లారాలె. గంట పడ్తది. దగ్గర్ల ఏదన్న ఇంట్ల నీళ్ళు పట్కరాపో." ప్లాస్టిక్ డబ్బా ఆమె చేతికిచ్చి, పానా తీసుకుని ముందుకు వంగాడు.

"ఏదన్న ఇంట్ల అంటె?"

"నాకేమెరుక? ఎవలింట్లయినా నీళ్ళు నీళ్ళే."

మలుపు దాకా ఎల్లమ్మ కాళ్ళీడ్చుకుంటూ నడిచింది. మలుపు తిరిగాక ఆ డబ్బా ఆమె వెంట పరుగెత్తింది.

రెండో బిల్డింగులో రెండో అంతస్తు కూతురు సోనాలిది. రెండేళ్ళ కింద మరాఠీ పిల్లగాడు వైభవ్‌ను చేసుకుంటానని చెప్పిననాడు సిద్ధిరాములు నడుస్తున్న సాంచె మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. "నా కాలు ఆ గడప తొక్కది. నా ఇంటోళ్ళు సుట్టపుసూపుగ పోవద్దు," అన్నాడు. సాంచె పెట్టే కూడు తినే ఇంట్లో సాంచె మీది ఒట్టు తప్పేవాళ్ళుండరు. మనవరాలు పుట్టినా ఎవరూ పోలేదు.

మొదటిసారి కారు ఆగిననాడు ఎల్లమ్మ డబ్బా పట్టుకుని ఆ తలుపు కొట్టింది. "సుట్టపుసూపు గాదు బిడ్డా, నీళ్ళకొచ్చిన," అని ఏడ్చింది. అంతా శుక్రవారపు తల్లి మహిమ అనుకుంది. అప్పటి నుంచి దేవుని గూట్లో ఆ తల్లికి ఒక అగరొత్తి ఎక్కువ వెలుగుతోంది.

"ఎన్ని నీళ్ళు తాగుతదే అవ్వా మీ బండి?" నవ్వింది సోనాలి.

"తాగనియ్యే. నీ సొమ్మేం పోయింది?" అంది ఎల్లమ్మ, తన ముక్కుపుడక పట్టి గుంజుతున్న మనవరాలి వేళ్ళు విడిపిస్తూ.

గంట దాటాక వైభవ్ నింపి ఇచ్చిన డబ్బాతో కిందికి దిగింది. సిద్ధిరాములు పానా తుడుచుకుంటున్నాడు.

"డబ్బడు నీళ్ళకు ఇంత సేపా?"

"నల్ల సన్నగొస్తుంది."

"ఊఁ," అన్నాడు. ఎవరింటి కొళాయి అని అడగలేదు.

చిక్కు శనివారం వచ్చింది.

"నేను నడిపితె ఒక్కనాడు గరమ్ కాదు, మీరు పోతెనే ఎందుకైతది?" అన్నాడు కొడుకు రూపేష్. "ఇయ్యాల తేల్చుకస్త. కాదంటె తుక్కు కింద కబాడీల ఏస్త."

"ముసలి బండి. దాన్ని గెలుకకురా," అన్నాడు సిద్ధిరాములు పేపర్ చాటు నుంచి.

"ఉండు బాపూ. ఇది ముదిరిన రోగం."

గ్యారేజీ ఉన్న టెంఘర్‌లోనే తనకూ పని ఉందని చెప్పి ఎల్లమ్మ కూడా కారెక్కింది.

అక్కడ గ్యారేజీ అంకుశానిది. వాళ్ళ వైపు మనిషే. బానెట్ ఎత్తి, రేడియేటర్ ముందు వేలితో గీరాడు. తెల్లటి నుసి రాలింది.

"బండిని సాంచాల పక్కన పెడితె గిట్లనే దూది మేస్తది. గాలి ఎట్ల పోతది?" అని పైపుతో నీళ్ళు కొట్టి కడిగాడు.

రూపేష్ మొహం వెలిగింది. ఎల్లమ్మ మొహం ఆరిపోయింది.

అంకుశం థర్మోస్టాట్ విప్పి మరిగే నీళ్ళలో వేశాడు. తెరుచుకోవలసిన చోట తెరుచుకుంది. నీళ్ళ పంపు కింద తడి లేదు. ఫ్యాన్ తిప్పే పట్టాను బొటనవేలితో నొక్కాడు. బిగువుగానే ఉంది. ముప్పావుగంట ఇంజను నడిపినా ముల్లు నడిమధ్యలోనే కూర్చుంది.

"ఏ రోగం లేదు," అన్నాడు, రూపేష్ వైపు చూడకుండా.

"అయినా పంపు, పట్టా, పైపులు అన్ని కొత్తయి ఎయ్యి అంకుశం. వచ్చే శుక్రవారం ఠాణా దాక ఆగద్దు," అని చెప్పి రూపేష్ కార్ఖానాకు వెళ్ళిపోయాడు.

అతను సందు దాటేవరకు చూసి ఎల్లమ్మ స్టూలు మీద కూలబడింది.

"బిడ్డా అంకుశం, బాగు చెయ్యకు."

"ఏందత్తా, బాగు చెయ్యద్దా?"

కూతురి ఇంటి సంగతి, డబ్బా సంగతి అంతా చెప్పింది. "పోరికి రెండు పండ్లొచ్చినయి. వారం వారం కండ్లవడకుంటె నన్ను మర్చిపోతది. ఏదన్న ఒక్కటి ఖరాబుగ ఉంచు నాయనా. మీ మామకు తెల్వద్దు. తెలిస్తె బండి ఆ తొవ్వనే పట్టదు."

అంకుశం చేతులు తుడుచుకుంటూ నవ్వాపుకున్నాడు.

"అన్ని కొత్తయేసినా వచ్చే శుక్రవారం బండి ఆడనే ఆగుతది అత్తా."

"నీకెట్ల ఎరుక? తల్లి నీకు కలల కొచ్చి చెప్పిందా?"

అంకుశం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"గురువారం గురువారం వచ్చి పట్టా లూజు చేయించుకపోయేది, నువ్వు నీళ్ళకు పోంగనే మల్ల బిగించేది మామనే."