రెండు సంచుల సేంద్రియ రసాయనం

శిష్యుడు పుస్తకంలోకి తొంగి చూడబోయాడు.

"మళ్ళీ చెప్పు," అంది పంతులమ్మ.

"ఉన్నదానికి కొత్తది వచ్చి చేరితే సంకలనం. ఒకటి పోయి, దాని చోట్లోకి ఇంకోటి వస్తే... విలోపనం."

"ప్రతిక్షేపణ. పొద్దుటి నుంచి ఇది తొమ్మిదోసారి."

ఫిజిక్సులో శిష్యుడు పులి. సేంద్రియ రసాయనం దగ్గరికి వచ్చేసరికి పిల్లి. కెమిస్ట్రీ మాస్టారు ఉన్నట్టుండి సెలవు పెట్టి పోవడంతో ఈ గండం నెత్తిన పడింది. రేపు తొమ్మిదింటికి అందరి ముందూ నోరు విప్పాలి. ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి వెనక కూర్చుంటాడట. ఈసారి తడబడితే ఇంకో కాలేజీ చూసుకోమని ముందే చెప్పేశాడు.

"జ్వరమని చెప్పేస్తే?" అన్నాడు శిష్యుడు ఆశగా.

"పోయిన వారమే చెప్పావు. రేపు నువ్వు నీళ్ళు నమిలితే పోయేది నా పరువు."

ఆమె పుస్తకం మూసేసి, వంటింట్లోంచి ఇల్లాలిని లాక్కొచ్చింది. శిష్యుడికి ఎదురుగా నిలబెట్టి, ఇద్దరినీ రెండు చేతులూ పట్టుకోమంది. ఇల్లాలు ముసిముసిగా నవ్వింది.

"చాన్నాళ్ళయింది ఇలా చేతులు పట్టుకుని."

"మీరిద్దరూ కార్బన్లు. మాట్లాడకూడదు. ఇప్పుడు ఒక చెయ్యి వదిలి, చెరో కూరల సంచీ పుచ్చుకోండి. ఏమైంది?"

"సంకలనం," అన్నాడు శిష్యుడు.

"నీ సంచీ కింద పెట్టి, గొడుగు తీసుకో."

"ప్రతిక్షేపణ."

"ఇద్దరూ చేతిలో ఉన్నవి పడేసి, మళ్ళీ రెండో చెయ్యి కలపండి."

శిష్యుడి మొహం చేటంతయింది. "విలోపనం. చెరొకటీ పోయింది, రెండో బంధం వచ్చింది. ఇంతేనా ఇది?"

"ఇంతే. ఏదీ రాకుండా, ఏదీ పోకుండా, ఉన్నవే చోట్లు మారితే?"

"పునర్విన్యాసం."

తర్వాత ఎటు తిప్పి అడిగినా శిష్యుడు తడుముకోలేదు. గుండెల మీద కుంపటి దింపినట్టయింది పంతులమ్మకి.

"ఇక వదిలెయ్యవే, రెండు ముద్దలు తిననీ," అంది ఇల్లాలు. చేతులు మాత్రం ఆమె ఇంకా వదల్లేదు.

మర్నాడు సరిగ్గా తొమ్మిదింటికి శిష్యుడు తరగతి గదిలో అడుగు పెట్టగానే, మొదటి బెంచీలో ఉన్న పంతులమ్మ తక్కిన యాభైతొమ్మిది మందితో పాటు లేచి నిలబడి, కన్నతండ్రికి వినయంగా "గుడ్ మార్నింగ్ సార్" చెప్పింది.