వంటింటి లైసెన్సు

సీతారావమ్మ ఇంటి మధ్యలోంచి రెండు రాష్ట్రాల సరిహద్దు పోతుంది. హాలు ఒక రాష్ట్రం, వంటిల్లు ఇంకో రాష్ట్రం. ఏ రాష్ట్రం గదిలో ఆ ప్రభుత్వం వాళ్ల గోడకన్ను, అంటే గోడకు బిగించిన మాట్లాడే కెమెరా, కాపలా కాస్తుంటుంది.

పక్షవాతంతో మాట పడిపోయిన ఆమె మొగుడు గోపయ్యకు మాటలు నేర్పే షాహీనాకు వంటింటి రాష్ట్రంలోనే లైసెన్సు ఉంది. అందుకని పాఠం రోజూ పొయ్యి పక్కనే. ఇవాళ వెనక నుంచి లాగుతుంటే గడప దగ్గర బియ్యం డబ్బా అడ్డొచ్చి చక్రాల కుర్చీ పూర్తిగా లోపలికి రాలేదు. గోపయ్య కాళ్లు హాల్లో ఉండిపోయాయి.

"ఈ రాష్ట్రంలో ఈమెకు లైసెన్సు లేదు. పాఠం ఆపండి," అంది హాలు గోడకన్ను.

సీతారావమ్మకు ఒళ్లు మండిపోయింది. "నోరు వంటింట్లోనే ఉందిగా! మనిషి కాళ్లతో మాట్లాడతాడా?"

"రోగి అంటే మొత్తం రోగి. ఇంకో మాట పలికిస్తే ఆమెకున్న లైసెన్సు కూడా పోతుంది."

షాహీనా గబగబా సంచి సర్దుకుంది. "నా పొట్ట కొడతారమ్మా. ఇక నేను రాను."

గోపయ్య మెడ నరాలు ఉబ్బాయి. ఇన్నాళ్లూ గాలి తప్ప ఏమీ రాని నోరు గోడ వైపు తిరిగి తెరుచుకుంది.

"వె...ధవా!"

"లైసెన్సు లేని చోట పలికిన మాట చెల్లదు," అంది హాలు గోడకన్ను. "వెనక్కి తీసుకోండి."

సీతారావమ్మ డబ్బాను ఒక్క తన్ను తన్నింది. బియ్యం హాలంతా చిందాయి. కుర్చీని బరబరా లోపలికి లాగి, మొగుడి భుజం తట్టింది.

"ఇప్పుడు తిట్టండి."

"వెధవా!"

వంటింటి గోడకన్ను పచ్చగా వెలిగింది.

"ఉచ్చారణ బాగుంది. ఇంకొంచెం గట్టిగా."