కింది గది వైఫై

"ప్రింటర్ కనబడలేదు."

ఫోన్ మళ్లీ అదే పాట పాడింది.

మూరెడు దూరంలో ప్రింటర్ పచ్చదీపం వెలిగించుకుని కూర్చునే ఉంది. కాగితముంది, సిరా ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు మధ్యలో ఈ ఫోన్. చిహారుకి ఒళ్లు మండింది.

జపాన్‌లో హకొదాతె రేవు పక్కన, తండ్రి ఒంటరిగా బతికి కన్నుమూసిన గది అది. తన చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లిన తండ్రి. మునిసిపాలిటీ వాళ్లు ఫోన్ చేస్తే వచ్చింది. రేపు పొద్దున్నే దహనం. శవపేటిక ముందు పెట్టడానికి ఒక్క ఫోటో కావాలి. గదంతా గాలిస్తే దొరికింది ఒకే ఒక్కటి, అదీ పాతది.

ఎవరో తలుపు తట్టారు.

"కింది గదిలో ఉంటానమ్మాయ్, కజియురా అంటారు," అన్నాడు బట్టతల ముసలాయన. "ఏమైనా సాయం కావాలా?"

"ఈ ప్రింటర్ పలకట్లేదండీ."

"నీ ఫోన్ ఏ వైఫైలో ఉంది?"

"ఏ వైఫైలోనూ లేదు. నెట్ వస్తోందిగా?"

"నెట్ వస్తే సరిపోదు. రెండూ ఒకే వైఫైలో ఉంటేనే ఒకదానికొకటి కనబడతాయి. ఇది మా గది వైఫైలో ఉంది."

"నాన్న ప్రింటర్ మీ వైఫైలోనా?"

"ఇద్దరు ముసలాళ్లకి రెండెందుకని..."

ఆయన పాస్‌వర్డ్ చెప్పాడు. ప్రింటర్ గుర్రుమని లేచింది.

ఫోటోని ప్రింటర్ మూత కింది అద్దం మీద బోర్లించింది చిహారు. పడవ ముందు నవ్వుతున్న తండ్రి. ఆయన భుజం మీద చెయ్యేసి, గుబురు గడ్డం, నల్లకళ్లద్దాల మనిషి ఒకడు.

తండ్రి వరకే కత్తిరించి పెద్దది చేస్తే ముఖం మసకమసకగా వచ్చింది.

"చుక్కలు చాల్లేదు," అన్నాడు కజియురా. "స్కాన్ చేసేటప్పుడే రిజల్యూషన్ పెంచుకోవాలి. ఆ తర్వాత ఎంత సాగదీసినా కొత్త చుక్కలు పుట్టవు."

"ఇవన్నీ మీకెవరు నేర్పారు?"

"మీ నాన్నే. నా మట్టిబుర్రకి ఎక్కేదాకా తిట్టాడు."

రెండోసారి కనుబొమల వెంట్రుకలతో సహా వచ్చింది. చిహారు చూస్తూ ఉండిపోయింది. ముక్కు అచ్చం తనదే.

"భుజం మీద ఆ చెయ్యి తీసెయ్యాలి," అంది.

"ఉండనీ, ఏం పోయింది?"

"ఉండకూడదు. పడవెక్కుదాం రారా అని నాన్నని లాక్కుపోయింది వాడే. వాడివల్లే మీ నాన్న మనల్ని మర్చిపోయాడని మా అమ్మ పోయేదాకా ఏడ్చింది."

ఫోన్‌లో చెరిపే గుర్తు నొక్కి, ఆ చెయ్యి మీద వేలితో తుడవసాగింది.

వేలు పక్కకి జారింది. చెయ్యితోపాటు తండ్రి భుజం కూడా చెరిగిపోతోంది.

"ఇటివ్వు."

ఆయనే ఫోన్ తీసుకుని, ఆ చెయ్యిని కొంచెం కొంచెంగా చెరిపాడు. చాలాసేపు పట్టింది.

గుమ్మం దగ్గర ఆగి అడిగాడు. "రేపు నేనూ రానా?"

"వద్దండీ. ఇంటివాళ్లం చాలు."

ఇంటివాళ్లంటే తనొక్కతే. ఆ సంగతి మర్నాడు ఎముకలు ఏరే వేళ తెలిసొచ్చింది. ఒక్కో ఎముకనీ ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పుల్లలతో కలిసి ఎత్తాలి. ఎదుట ఎవరూ లేరు. శ్మశానంలో పనిచేసే అతను జాలిపడి పుల్లలు పట్టాడు.

నాన్నకి లోకంలో ఒక్కడైనా లేకపోయాడే అని ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది.

సాయంత్రం గది తాళాలివ్వడానికి ఇంటి యజమానురాలు ఉమే దగ్గరికెళ్లింది.

"ఎముకలు ఎత్తడానికి కజియురా వచ్చాడుగా?" అంది ఉమే.

"లేదండీ. నేనే వద్దన్నాను. పరాయి మనిషి కదా?"

"పరాయా! కాళ్లు పడిపోయిన మీ నాన్నని నాలుగేళ్లు వీపున మోసి మెట్లు దించాడు, స్నానం చేయించాడు. ఇంకా పరాయంటావేంటే పిల్లా?"

చిహారు తాళాలు బల్ల మీద పెట్టింది.

ఉమే ఆమె చేతిలోని, నిన్న ప్రింటు తీసిన ఫోటో అందుకుంది. "ఓ, ఇదా! వీళ్ల పడవ మొదటిసారి నీళ్లలోకి దించిన రోజు నేనే తీశాను," అంటూ కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదేంటమ్మా, పక్కన భుజం మీద చెయ్యేసుకుని కజియురా ఉండాలే, ఏమయ్యాడు?"